పడవ కింద రెండు పలకలు

నీటిలో ఉన్న పడవను నీరే మోస్తుంది. అడుగు ఎంతమేర తడుస్తుందో అంతమేరా బరువు పరుచుకుంటుంది, ఏ ఒక్కచోటా ఒత్తిడి పోగుపడదు. అదే పడవను ట్రైలరు మీదికి లాగి రోడ్డెక్కిస్తే, నీరు చేసిన పనిని రెండు చెక్క పలకలు చేయాలి. ట్రైలరు ఉక్కు చట్రం మీద పొడవు వెంట, పడవ పొట్టకు కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి బిగించే ఈ పలకలను ఇంగ్లిషులో బంకులంటారు. తెలుగువారికి బంకంటే పెట్రోలు బంకో, పాన్ బంకో తప్ప మరొకటి స్ఫురించదు. అందుకని ఇక్కడ వాటిని ఆనుడు పలకలు అనుకుందాం. పడవ వాటి మీదే ఆనుతుంది, వాటి మీదే జారి నీటిలోకి దిగుతుంది, మళ్లీ వాటి మీదికే ఎక్కుతుంది.

ఇంత చిన్న వస్తువుకు ఇంత పట్టింపు ఎందుకన్నది ఒక లెక్కతో తేలిపోతుంది. పదహారడుగుల ఫైబరు పడవ ఇంజనుతో, సామానుతో కలిపి 600 కిలోలు తూగుతుందనుకుందాం. దాని కింద ఎనిమిది రబ్బరు రోలర్లు ఉంటే, ఒక్కో రోలరు పడవను తాకే చోటు పది చదరపు సెంటీమీటర్లు మించదు. మొత్తం 80 చదరపు సెంటీమీటర్ల మీద 600 కిలోలు, అంటే చదరపు సెంటీమీటరుకు ఏడున్నర కిలోలు. రోలర్ల బదులు 9 సెంటీమీటర్ల వెడల్పు, 240 సెంటీమీటర్ల పొడవు ఉన్న రెండు పలకలుంటే అదే బరువు 4,320 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు 140 గ్రాములు. తేడా యాభై రెట్ల పైమాటే. ఇది బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి మాట. చక్రం గోతిలో పడి లేచిన క్షణంలో ఆ బరువు ఇంకా పెరిగి అడుగును కుమ్ముతుంది.

ఇలాంటి పలకలు ఎవరికి కావాలో చూడటానికి పల్నాడు జిల్లానే తీసుకుందాం. దాని ఉత్తరపు హద్దు పొడవునా కృష్ణా నదే. మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ దగ్గర నాగార్జునసాగర్ జలాశయం, దాని దిగువన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్, గురజాల, దాచేపల్లి దాటి బెల్లంకొండ వైపు వస్తే 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం, ఆ తరువాత అమరావతి. ఇంత నీరున్న చోట పడవలు రకరకాలు. విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండ ద్వీపానికి యాత్రికులను తీసుకెళ్లే లాంచీలు నీటిలోనే పుట్టినట్టు నీటిలోనే ఉంటాయి, వాటికి ట్రైలరు పనిలేదు. చేపల వేటకు వాడే పుట్టికి అంతకన్నా లేదు. దాన్ని మనిషి నెత్తికెత్తుకుని గట్టెక్కి నడిచిపోతాడు. చిక్కల్లా ఈ రెంటికీ మధ్యనున్న ఫైబరు, అల్యూమినియం పడవలతోనే. నెత్తిన మోయడానికి బరువెక్కువ, ఏడాది పొడుగునా నీటిలో వదిలేయడానికి ఖరీదెక్కువ. పైగా వాటికి ఒక రేవు నుంచి మరో రేవుకు వెళ్లే అవసరం వస్తుంది. వరదలొస్తే మరీను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, జనాన్ని బయటికి తెచ్చిన పడవలు అక్కడిదాకా చేరింది రోడ్డు మీదుగానే. గాలి నింపే రబ్బరు పడవను మడిచి లారీలో వేసుకోవచ్చు. ఫైబరు పడవకు ఆ సౌలభ్యం లేదు.

ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి, పైన గోతాలు వేసి, దాని మీద పడవను పడుకోబెట్టడం ఒక పద్ధతి. ఒక్క ప్రయాణానికి అది చెడ్డదేమీ కాదు. గడ్డి కూడా నీటిలాగే అడుగు ఆకారానికి ఒదుగుతుంది. అయితే నలుగురైదుగురు మనుషులు లేనిదే పడవ పైకెక్కదు, కిందికి దిగదు. పది కిలోమీటర్లు పోయేసరికి గడ్డి అణిగి పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. ఏడాదిలో నాలుగైదుసార్లు కదిలే పడవకు సొంత ట్రైలరు ఉండటమే మేలు. ట్రైలరు కూడా మోటారు వాహనాల చట్టం కింద రిజిస్ట్రేషను కావలసిన బండే అన్నది మరువకూడదు.

ట్రైలరు కొనేటప్పుడు గానీ చేయించేటప్పుడు గానీ ముందుగా తేల్చుకోవలసింది రోలర్లా, పలకలా అన్నది. రోలర్ల మీద పడవ సులువుగా దొర్లుతుంది. లోతులేని చోట, వాలు తక్కువైన ఒడ్డున, ట్రైలరు చక్రాలు తడవకుండానే పడవను నీటిలోకి నెట్టేయవచ్చు. పలకల మీద పడవ అలా దొర్లదు. ట్రైలరు నీటిలో మునిగి, పడవ తనంతట తాను తేలాలి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస నీటిమట్టం 510 అడుగులు. అంటే వానాకాలంలో అల తాకిన చోటికీ వేసవిలో నీరున్న చోటికీ నిలువునా ఎనభై అడుగుల తేడా రావచ్చు. వేసవిలో నీటిని చేరాలంటే ఒండ్రు మీదుగా, రాళ్ల మీదుగా చాలా దూరం దిగాలి. ఆ దారిన మామూలు కారు పోలేదు, పోయినా వెనక్కి రాలేదు. ట్రాక్టరుకు మాత్రం ఆ బెంగ లేదు. పెద్ద చక్రాలతో, ఎత్తైన ఇరుసుతో అది వెనక్కి నడిచి ట్రైలరును నడుములోతు నీటిలోకి దించగలదు. కాబట్టి లాగేది ట్రాక్టరైతే పలకలే ఉత్తమం. పల్నాడులో ట్రాక్టరు లేని ఊరు లేదు గనుక రోలర్ల ఖర్చు పెట్టుకోనక్కరలేదు.

ఇక చెక్క. విదేశాల్లో ఆనుడు పలకలకు ఎక్కువగా వాడేది మందు పట్టించిన పైన్. పైన్ మెత్తన, తేలిక, ఊరికే పుచ్చిపోయే జాతి. అందుకే దాన్ని పీడనంతో రాగి లవణాల ద్రావణంలో నానబెడతారు. ఇక్కడ పెట్టెల చెక్కగా, సామాన్ల అడుగు చట్రాలుగా దొరికే పైన్‌కు ఆ మందు ఉండదు. చవకని దాన్ని తెచ్చి బిగిస్తే ఒకటి రెండు వానాకాలాలకే ఆట కట్టు. మామిడి చెక్క కూడా అంతే. సుబాబుల్ కాగితపు మిల్లుకు పోవలసిందే కానీ బరువు కిందికి కాదు. జామాయిల్ బలమైనదే, కానీ ఎండేటప్పుడు మెలితిరుగుతుంది, నిట్టనిలువునా చీలుతుంది. మెలితిరిగిన పలక పడవను రెండు చోట్ల మాత్రమే తాకుతుంది. పలక వేసిన ప్రయోజనం అక్కడితో పోయింది.

మన వడ్రంగుల మాటల్లో ఈ ఎంపిక మొత్తానికి ఒక్క పదం ఉంది: చేవ. మాను మధ్యలో ముదిరిన, రంగు ముదురైన, గట్టి భాగం చేవ. దాని చుట్టూ బెరడు వరకు ఉండే లేతరంగు భాగంలో చెట్టు బతికున్నప్పుడు నీరు పారుతుంది, పిండిపదార్థం నిలవ ఉంటుంది. కోసిన తరువాత పురుగుకూ బూజుకూ విందు ఆ భాగమే. చేవలో చెట్టు తన రసాయనాలను దాచుకుంటుంది, వాటిని చెదలు ముట్టవు. ఏ జాతి మాను అన్నదానికన్నా, తెచ్చిన పలకలో చేవ ఎంత అన్నదే ముందు చూడవలసిన సంగతి. టేకైనా సరే, అంచున తెల్లటి చార ఉంటే ఆ చారే ముందు పుచ్చుతుంది.

టేకు చేవలో సహజమైన నూనె ఉంటుంది. తడిసినా ఎండినా పెద్దగా ఉబ్బదు, కుంచించుకుపోదు. అల్యూమినియంకు హాని చేయదు. ధర ఒక్కటే దాని దోషం. నల్లమద్ది టేకు కన్నా బరువు, గట్టితనం కూడా ఎక్కువ, మేకు దిగాలంటే ముందు బర్మాతో రంధ్రం వేసుకోవాలి. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు నల్లమల అడవుల్లో ఈ జాతులు ఉన్నాయి, కానీ అడవి కలపను అనుమతి ఉన్న డిపో నుంచో, బిల్లు ఇచ్చే సామిల్లు నుంచో తప్ప తెచ్చుకోకూడదు. చెరువు కట్టల మీద పెరిగే నల్ల తుమ్మ ఎడ్లబండి చక్రాలకూ నాగళ్లకూ తరతరాలుగా పనికొచ్చిన చెక్క. దాని బలానికి వంక పెట్టలేం. కాకపోతే మాను వంకరటింకర, ఎనిమిదడుగుల తిన్నని పలక తీయడం గగనం. పైగా పుచ్చు పురుగు భయం ఉంది. అందుకే పల్లెల్లో తుమ్మ, వేప దుంగలను నెలల తరబడి చెరువు నీటిలో నాననిచ్చేవారు. లోపలి పిండిపదార్థం నీటిలో తరిగిపోతే పురుగుకు తిండి ఉండదు. పాత పద్ధతే అయినా శాస్త్రానికి నిలిచే పద్ధతి.

వీటన్నిటికన్నా మంచి బేరం పాత ఇళ్ల కలప. పెంకుటిళ్లు కూల్చి డాబాలు కట్టే చోట టేకు, మద్ది దూలాలు, వాసాలు అమ్మకానికి వస్తాయి. యాభై అరవై ఏళ్లు ఇంటి కప్పు కింద ఎండిన చెక్క అది. ఇక మెలితిరగదు, తిరగవలసింది ఎప్పుడో తిరిగేసింది. లోపల దాగిన పాత మేకులను అయస్కాంతంతో వెతికి తీసేశాకే రంపం పెట్టించాలి. లేదంటే సామిల్లు వారు ఆ చెక్కను ముట్టుకోరు.

కొత్త చెక్క అయితే ఆరబెట్టడం దగ్గరే సగం పని. అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల పాత లెక్క. పల్నాడు గాలికి అంతకాలం పట్టదు. వేసవి వస్తే వాతావరణ వార్తల్లో ముందు వినిపించే పేర్లలో రెంటచింతల ఒకటి, నలభై అయిదు డిగ్రీలు అక్కడ వింత కాదు. అయితే ఆ ఎండే చెక్కకు శత్రువు కూడా. పైభాగం గబగబా ఎండి, లోపల తడి అలాగే ఉండిపోతే పలక నెర్రెలిస్తుంది. పలకలను నీడలో, కింద ఇటుకలు పెట్టి, ఒకదానికొకటి తగలకుండా మధ్యన సన్నని కర్రముక్కలు వేసి పేర్చాలి. రెండు చివరలకూ రంగో, కరిగించిన మైనమో పట్టించాలి. చెక్కలోని నీరు పక్కల నుంచి కన్నా చివరల నుంచే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగులు మొదలయ్యేది అక్కడే. పలక చివరి కోతను చూస్తే మాను వయసు గీతలు కనిపిస్తాయి. అవి పలక మందంలో నిలువుగా నిలబడి ఉంటే ఆ పలక తిన్నగా ఉంటుంది. అడ్డంగా విల్లులా వంగి ఉంటే, ఎండినకొద్దీ పలక దోనెలా వంగుతుంది.

మందు పూత గురించి రెండు మాటలు. టేకు, మద్ది చేవకు అది లేకపోయినా గడుస్తుంది. మిగతా చెక్కకు తప్పదు. రాగి లవణాలతో శుద్ధి చేసిన చెక్క ఫైబరు పడవకు నిరభ్యంతరం. అల్యూమినియం పడవ కింద మాత్రం అది విషమే. తడిసిన రాగి, అల్యూమినియం పక్కపక్కన ఉంటే అల్యూమినియం సన్నగా తినబడి సూదిబెజ్జాలు పడతాయి. మధ్యలో గుడ్డ పరిచామంటే చాలదు, ఆ గుడ్డే తడిని పట్టి ఉంచుతుంది. వాడేసిన ఇంజను ఆయిలు పూయడం చాలాచోట్ల అలవాటు. అది చెక్కను కొంత కాపాడుతుంది, నీటిని అంతకంటే ఎక్కువ పాడు చేస్తుంది. తాగునీటికీ చేపలకూ ఆధారమైన జలాశయంలోకి దాన్ని దించకూడదు. మరిగించిన అవిసె నూనె రెండు మూడు పూతలు వేస్తే చాలు.

కొలతల సంగతికొస్తే, సామిల్లులో నాలుగు రెండు అని అడిగితే వచ్చే చెక్క పదహారడుగుల పడవకు సరిపోతుంది: నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం, చిత్రిక పట్టాక ఇంకాస్త తక్కువ. అంతకంటే బరువైన పడవకు ఆరు రెండు కావాలి. పలకను పడుకోబెట్టాలా, నిలబెట్టాలా అన్నది అసలు ప్రశ్న. 90 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకను అంచు మీద నిలబెడితే, పడుకోబెట్టినప్పటి కన్నా అయిదు రెట్లు బిరుసుగా ఉంటుంది. బిరుసు ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. పడవ అడుగు ముందుకు పోయేకొద్దీ పైకి వంపు తిరుగుతుంది, పక్కలకు వాలుతుంది. పడుకోబెట్టిన పలక ఆ వంపుకు కాస్త ఒదుగుతుంది, బరువును వెడల్పుగా అందుకుంటుంది. అందుకని చిన్న, నడితరం పడవలకు పలకను పడుకోబెట్టి, కింద రెండు మూడు అడుగులకొక ఆధారం ఇవ్వడమే సరైన పద్ధతి. పొడవు పడవలో సగానికి తగ్గకూడదు.

పడవల భాషలో ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. ఆనుడు పలకలు బిగించడంలో అన్నిటికన్నా ఎక్కువగా చేసే తప్పు అమరం దగ్గర జరుగుతుంది. వెనక నిలువు పలకకు ఇంజను వేలాడుతుంది. నలభై అశ్వశక్తి ఇంజను 70 నుంచి 100 కిలోలు ఉంటుంది. ఆనుడు పలక ఆ వెనక అంచు వరకూ రావాలి, వీలైతే రెండంగుళాలు బయటికి పొడుచుకు రావాలి. పలక ఒక అడుగు ముందే ఆగిపోతే ఆ అడుగు మేర పడవ గాలిలో వేలాడుతుంది. ఇంజను బరువుకు ప్రతి గతుకులోనూ అక్కడి అడుగు కొద్దికొద్దిగా కిందికి వంగుతుంది. రెండేళ్లు పోయాక పడవ వేగం అందుకోలేక ముక్కు దించుకుని నీటిని దున్నుతుంటే, పెట్రోలు ఎక్కువ తాగుతుంటే, మెకానిక్కు ఇంజను విప్పుతాడు. జబ్బు ఇంజనులో ఉండదు, ట్రైలరు మీద ఉంటుంది. అంత పొడవు పలకకు ట్రైలరు చట్రం చాలకపోతే చట్రాన్ని పొడిగించాలి తప్ప పలకను కోయకూడదు.

బిగించే పని ఖాళీ ట్రైలరుతో మొదలవుతుంది. చదునైన చోట నిలిపి, జాకీతో ఎత్తి, రసమట్టం పెట్టి చట్రాన్ని సమం చేయాలి. లాగే బండికి తగిలించే కొక్కెం నడిమి నుంచి వెనక అడ్డకమ్మీ నడిమి వరకు సుద్ద పూసిన దారాన్ని బిగలాగి కొడితే మధ్యగీత పడుతుంది. ఇక నుంచి ప్రతి కొలతా ఆ గీత నుంచే. ట్రాక్టరు ట్రక్కులు చేసే వెల్డింగు షాపుల్లో ఈ పని తెలిసినవారికి కొదవ లేదు, మాచర్లలోనూ ఉన్నారు, నరసరావుపేటలోనూ ఉన్నారు. వారికి చెప్పవలసిన కొత్త సంగతి ఒక్కటే: ట్రక్కు మిరప బస్తాలను మోస్తుంది, బస్తా ఎలా పడినా బస్తాయే. పడవ అలా కాదు.

పలకల మధ్య దూరం ఎంత ఉండాలో పడవే చెబుతుంది. ఫైబరు పడవ లోపల అడుగుకు అంటుకుని పొడవునా రెండో నాలుగో దూలాలుంటాయి. పలక సరిగ్గా వాటి కిందికి రావాలి. అవి పైకి కనబడకపోతే బయటి నుంచి వేలి మెటికలతో తట్టుకుంటూ పోవాలి. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే. బోలు చోట డబ్బుమని మోగుతుంది, దూలం ఉన్న చోట శబ్దం అణిగి టక్కుమంటుంది. ఆ టక్కుమన్న చోట్లను సుద్దతో కలుపుతూ పోతే అడుగు మీద గీత తేలుతుంది. మధ్యగీత నుంచి దాని దూరమే పలక దూరం. అడుగున నిలువు గట్లు ఉన్న పడవైతే పలక ఆ గట్టు మీద కూర్చోకుండా గట్ల మధ్యనున్న చదునులో ఒదగాలి. రెండు పలకలూ సమాంతరంగా ఉండవచ్చు, ముందువైపు కాస్త దగ్గరపడవచ్చు. ఆ నిర్ణయం పడవ ఆకారానిది.

అడుగు వాలును కొలవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. అట్టముక్కను అడుగుకు ఆనించి, వాలు ప్రకారం కత్తిరించుకుంటే అదే నమూనా. ఆ నమూనా ప్రకారం ఆధారాల తలలను వంచాలి. ఇనుప యాంగిళ్లను ఒకే వాలులో వెల్డింగు చేసేయడం కన్నా, ఒక బోల్టు మీద తిరిగే తలను పెట్టించుకుంటే పలక తనంతట తాను పడవ వాలుకు సర్దుకుంటుంది. ఆ తరువాత బిగించేయవచ్చు. పలకను ఆధారానికి పట్టించే బోల్టు గుండ్రటి తల, దాని కింద చదరపు మెడ ఉన్న రకమై ఉండాలి. చదరపు మెడ చెక్కలో కరుచుకుంటుంది, నట్టు తిప్పేటప్పుడు బోల్టు తిరగదు. పలక పై ముఖాన ఉలితో గానీ వెడల్పు బర్మాతో గానీ సెంటీమీటరు లోతు గుంట తీసి తలను పూర్తిగా లోపలికి దింపాలి. వేలితో తడిమితే తల తగలకూడదు. ఇవాళ తగలకపోయినా, ఎండకు పలక కుంచించుకుపోయాక పైకి తేలే తల పడవ అడుగును గీరేస్తుంది. బోల్టులు తుప్పు పట్టని స్టీలువో, జింకు వేడిపూత ఉన్నవో అయితేనే నిలుస్తాయి. మామూలు నల్లబోల్టు రెండో ఏడుకు విప్పుదామంటే రాదు, కోయాల్సిందే.

పలకకు పైన పరిచే గుడ్డ పాలీప్రొపైలిన్ కార్పెట్టు కావాలి. దాని పోగు నీటిని పీల్చదు. గోనెపట్టా వద్దు, ఇసుకను పట్టుకుని ఉప్పుకాగితంలా తయారవుతుంది. క్వారీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో వాడి పారేసిన కన్వేయరు బెల్టు ముక్కలు దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు చవకగా దొరికినా వాటికీ ఇదే మాట. రబ్బరు మీద పడవ జారదు, పైగా నల్లటి మరక అంటుకుంటుంది. కార్పెట్టుతో పలక పై ముఖాన్నీ రెండు పక్కలనూ చుట్టి, అంచులను అడుగుకు మడిచి స్టీలు పిన్నులతో కొట్టాలి. అడుగు మధ్యభాగాన్ని మాత్రం కప్పకూడదు, తడి ఆరేది అటు నుంచే. నాలుగు వైపులా గుడ్డ కప్పిన పలక ఎప్పుడూ ఆరదు. ఎప్పుడూ ఆరని చెక్క ఎంత చేవదైనా ఎక్కువ కాలం నిలవదు.

ఇప్పుడు పడవను దించాలి. నడిమి వెన్ను కింద ఒకటి రెండు రోలర్లు ఉంటే అవి తాకీ తాకనట్టు ఉండాలి, బరువు పలకల మీదే పడాలి. పడవ కూర్చున్నాక కాగితం ముక్కను పలకకూ పడవకూ మధ్య దూర్చి చూడాలి. ఎక్కడైనా కాగితం సులువుగా జారిపోతుంటే అక్కడ ఆధారాన్ని ఒక పిసరు ఎత్తాలి. ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ ఇలా సరిచేయడానికి ఒక పూట పడుతుంది. తొందరపడితే మొత్తం పని వృథా.

చివరిది ముందు బరువు. ఎడ్లబండి తోలినవారికి ఇది కొత్తగా చెప్పక్కరలేదు. బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది, అన్నీ ముందుకు వేస్తే మెడ వాచిపోతుంది. ట్రైలరుకూ అదే న్యాయం. మొత్తం బరువులో అయిదు నుంచి పది శాతం కొక్కెం మీద పడాలి. పడవ, ట్రైలరు కలిపి 800 కిలోలైతే కొక్కెం దగ్గర 40 నుంచి 80 కిలోలు. అంతకన్నా తగ్గితే వేగం పెరిగినప్పుడు ట్రైలరు తోక ఆడిస్తుంది, మరీ పెరిగితే లాగే బండి వెనక భాగం కుంగుతుంది. చిన్న కాటా మీద కొక్కేన్ని ఆనించి చూస్తే లెక్క తెలుస్తుంది. తేడా ఉంటే అణియం ఆనే నిలువు కమ్మీని ముందుకో వెనక్కో జరిపి పడవను సర్దాలి. అలా సర్దాక వెనక అంచు పలక మీదే ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి.

కొత్త పలకలతో మొదటి యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఒకసారి బిగించాలి. చెక్క అణుగుతుంది, ఎండుతుంది, బోల్టు వదులవుతుంది. దారిలో ఆగినప్పుడు పానా తీసి చుట్టూ తిరగడానికి పది నిమిషాలు చాలు. పడవను పలకలకు కట్టేటప్పుడు వెడల్పు బెల్టులు వాడాలి. రేవు దగ్గర నీటి అంచుకు చేరేదాకా, అణియాన్ని ట్రైలరుకు కట్టే గొలుసు విప్పకూడదు. తడిసిన కార్పెట్టు మీద పడవ అనుకున్నదానికన్నా తొందరగా జారుతుంది, సిమెంటు రేవు మీద పడితే అడుగు పగులుతుంది.

ఏడాదికోసారి, వానాకాలానికి ముందు, పడవను దించి పలకలను చూడాలి. కార్పెట్టు అంచున, బోల్టు గుంటల చుట్టూ, వెనక చివరన స్క్రూడ్రైవరు మొనతో గుచ్చాలి. గట్టి చెక్కలో మొన దిగదు. అరంగుళం మెత్తగా దిగిందంటే పుచ్చు మొదలైనట్టే. అప్పుడు పుచ్చిన పలక ఒక్కదాన్నే మార్చి ఊరుకోకూడదు, రెండూ కలిపి మార్చాలి. ఒకటి పాతది అణిగి, ఒకటి కొత్తది ఎత్తుగా ఉంటే పడవ పాతదాని వైపే ఒరుగుతుంది.